అటెండెన్స్ యాప్ వచ్చింది, రిజిస్టర్ పోలేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కొత్త సాఫ్ట్‌వేర్లు, పోర్టళ్లు, యాప్‌లు వచ్చినప్పుడు అక్కడ పనిచేసేవారికి ఎదురయ్యే చిక్కులేమిటో రాయమని రెండు నెలల కిందట ఈ శీర్షికలో కోరాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అధ్యాపకులవి, కొన్ని ఆఫీసు సిబ్బందివి, ప్రిన్సిపాళ్లవి రెండే రెండు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎవరి పేరూ, ఏ సంస్థ పేరూ బయటపెట్టకుండా ఏడింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి, అందులో చివరి ఆరేళ్లు అంతర్గత నాణ్యతా విభాగానికి, అంటే మనమందరం ఐక్యూఏసీ అని పిలిచేదానికి, సమన్వయకర్తగా ఉండి రిటైరైనవాణ్ని కనుక పని చెప్పించుకున్న అనుభవమూ, పని చెప్పిన అనుభవమూ రెండూ నాకున్నాయి. చెప్పిన పనుల్లో కొన్ని తప్పులే.

ప్రశ్న: మా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఈ ఏడాది నుంచి హాజరు ఫోన్ యాప్‌లో వేయమన్నారు. వేస్తున్నాను. కానీ పాత అటెండెన్స్ రిజిస్టరూ రాయాలి, ఏ పీరియడ్‌కు ఎంతమంది వచ్చారో టీచింగ్ డైరీలో మళ్లీ రాయాలి, నెలాఖరున అదే లెక్కను ఎక్సెల్ షీట్‌లో పంపాలి. స్టాఫ్ మీటింగులో ఈ మాట ఎత్తితే "మేడమ్ గారికి టెక్నాలజీ అంటే పడదు" అని నవ్వారు. నేను నిజంగానే కాలానికి వెనకబడ్డానా?
— వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: యాప్‌లో రోజూ హాజరు వేస్తున్న మనిషిని టెక్నాలజీ పడనివారి జాబితాలో ఎలా చేర్చారో నాకు అర్థం కాలేదు. మీ ఉత్తరంలో ఉన్న ఫిర్యాదల్లా ఒకే అంకెను నాలుగు చోట్ల రాయవలసి రావడం మీద. ఆ ఫిర్యాదు న్యాయమైనది, పైగా లెక్కకు అందేది కూడా. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకుల పని వారానికి 40 గంటలు, ఏడాదికి 30 పని వారాలు. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరుగా బోధించవలసింది వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటలు. పదహారు పీరియడ్లు చెప్పేవారికి ఈ అదనపు రాతకోతల వల్ల పీరియడ్‌కు ఆరు నిమిషాలు పోతున్నాయనుకుందాం. వారానికి 96 నిమిషాలు, ముప్పై వారాలకు 48 గంటలు. ఒక సెమిస్టర్‌లో ఒక పేపరు చెప్పడానికి పట్టే కాలంలో ఇది చాలా భాగం. మిమ్మల్ని చూసి నవ్వినవారు ఈ గుణకారం ఒక్కసారి వేసి ఉంటే బాగుండేది.

ఒక కొత్త సాధనాన్ని మనుషులు వాడతారా లేదా అన్నది రెండు నమ్మకాల మీద ఆధారపడుతుందని ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో చెప్పాడు. అది తన పనికి అక్కరకొస్తుందన్న నమ్మకం మొదటిది, వాడటం తేలికేనన్న నమ్మకం రెండవది. మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు ఇప్పటికీ ఈ పాఠం చెబుతున్నారు. మన కళాశాలల్లో అయితే దీనికి మూడో ప్రశ్న ఒకటి తోడవుతుంది: ఇది వచ్చాక పాతది ఆగుతుందా? ఆ మూడో ప్రశ్నకు "ఆగదు" అన్నదే జవాబైతే, ఎంత చక్కని యాప్ అయినా అక్కరకొచ్చే సాధనంగా కనిపించదు, ఇంకో రిజిస్టరుగానే కనిపిస్తుంది.

పాత రిజిస్టర్ ఎందుకు ఆగదో కూడా చూడాలి. సాధారణంగా దాన్ని ఎవరూ కావాలని ఉంచరు. ఆపమని రాతపూర్వకంగా చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, అంతే. హాజరు 75 శాతానికి తగ్గిన విద్యార్థి కండొనేషన్ (తక్కువ హాజరును మన్నించే అనుమతి) దగ్గర పేచీ పెడితే కాగితం చూపాలేమోనని, ఆడిట్‌లో అడుగుతారేమోనని, విశ్వవిద్యాలయ కమిటీ వస్తుందేమోనని ఒక్కో భయం ఒక్కో రిజిస్టరును బతికిస్తుంది. అందువల్ల మీరు మీటింగులో నోటి మాటగా అడగడం మానేసి, ఒక కాగితం మీద నాలుగు గడుల పట్టిక గీయండి. రికార్డు పేరు, దాన్ని ఎవరు అడిగారు, చివరిసారి దాన్ని ఎవరు తెరిచి చూశారు, రోజుకు ఎన్ని నిమిషాలు పడుతుంది. మీ డిపార్ట్‌మెంటులో ఇంకో ఇద్దరి చేత కూడా ఇలాగే నింపించి, మూడూ కలిపి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి, స్టాఫ్ కౌన్సిల్ మినిట్స్‌లో ఎక్కించమనండి. నా అనుభవంలో మూడో గడి దగ్గర గదిలో అందరూ కాసేపు ఏమీ మాట్లాడరు. పరిష్కారం కూడా మీరే సూచించవచ్చు: నెలాఖరున యాప్ నుంచి హాజరు ప్రింటు తీసి, అధ్యాపకురాలూ ప్రిన్సిపాలూ సంతకాలు చేసి, ఆ కాగితాలనే ఏడాది చివర బైండు చేయిస్తే అదే రిజిస్టర్ అవుతుంది. కాగితం అడిగేవారికి కాగితం దొరుకుతుంది, మీరు రాయడం ఒక్కసారితో ముగుస్తుంది.

ప్రశ్న: మాది అన్‌ఎయిడెడ్ ఇంజనీరింగ్ కళాశాల. హాజరు, మార్కులు, ఫీజులు, లైబ్రరీ అన్నీ కలిపిన ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ను యాజమాన్యం గత ఏడాది కొన్నది. రెండు రోజులు శిక్షణ ఇప్పించాం. అయినా సగం మంది వాడటం లేదు. మెమోలు ఇచ్చి జీతంతో ముడిపెడితే తప్ప దారికి రారని మా కరస్పాండెంట్ గారి అభిప్రాయం. మీరేమంటారు?
— ప్రిన్సిపాల్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: జీతంతో ముడిపెడితే మీకు నూటికి నూరు శాతం ఎంట్రీలు కనిపిస్తాయి. వాటిలో నిజం ఎంతన్నది వేరే సంగతి. ఇలా ముడిపెట్టిన ఒక కళాశాలకు నేను తనిఖీ పని మీద వెళ్లినప్పుడు, హెచ్ఓడీ గారి బల్ల అద్దం కింద పదకొండు మంది సీనియర్ల యూజర్ ఐడీలూ పాస్‌వర్డులూ ఒకే కాగితం మీద వరసగా రాసి ఉండటం చూశాను. నెలకు ఒకసారి, జీతాల బిల్లుకు ముందురోజు, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి సాయంత్రం కూర్చుని ఆ పదకొండు మంది హాజరునూ తానే వేసేది. రిపోర్టు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ అంకెలను నమ్మి ఏ విద్యార్థి వెనకబడుతున్నాడో తెలుసుకుందామనుకుంటే మాత్రం మోసపోతాం.

ఇక నా తప్పు చెబుతాను. నేను ఐక్యూఏసీ బాధ్యతలు తీసుకున్న మొదటి ఏడాది మా కళాశాలలోనూ హాజరు సాఫ్ట్‌వేర్ పెట్టించాను. రసాయనశాస్త్రంలో ఇరవై ఆరేళ్ల సర్వీసున్న ఒక మాస్టారు నాలుగు నెలలైనా దాన్ని ముట్టుకోలేదు. మొండితనం అనుకున్నాను, రెండుసార్లు నోటీసు పంపాను, ఆయన ఎదురుపడితే తల తిప్పుకునే దాకా వచ్చింది. ఐదో నెలలో ఒకరోజు ఏమనిపించిందో ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. నోటితో హాజరు పిలిస్తే అరవై రెండు మందికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే ఆయనకు పిల్లలు రోల్ నంబర్లతోనే తెలుసు. ఆ తర్వాత నా కోసం యాప్ తెరిచారు. అందులో పేర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉన్నాయి. మన ఇంటిపేర్లు పొడి అక్షరాలయ్యేసరికి ఒక్క 'కె' కిందనే పద్నాలుగు మంది. ఒక్కొక్కరికీ వేలితో నొక్కాలి, ఇరవై పేర్లకు పేజీ మారుతుంది, పాత ల్యాబు గోడల మందానికి సిగ్నల్ అందదు, చివర సబ్‌మిట్ నొక్కితే గుండ్రటి చక్రం తిరిగి తిరిగి మళ్లీ లాగిన్ అవమంటుంది. నా వాచీ ప్రకారం ఎనిమిది నిమిషాలు పోయాయి. పీరియడ్ మొత్తం యాభై నిమిషాలు. మాస్టారు ఒక్క మాట కూడా అనకుండా ఫోను జేబులో పెట్టుకుని, బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు.

పేర్లను రోల్ నంబరు వరసలో పెట్టి, అందరూ వచ్చినట్టే మొదట చూపించి, రానివారిని మాత్రం నొక్కేలా మార్చమని ఆ రోజే కంపెనీ కుర్రాడికి ఫోన్ చేశాను. రెండు రోజుల్లో మార్చి ఇచ్చాడు. "ఇంతకుముందు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. నిజమే, నేను కూడా అడగలేదు. నెట్ లేకపోయినా హాజరు ఫోనులో నిలిచి, సిగ్నల్ అందినప్పుడు తనంతట తానే వెళ్లే ఏర్పాటుకు ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత మాస్టారి హాజరు నా హాజరు కంటే ముందే పడుతుండేది.

కనుక మెమోలు రాసే ముందు, వాడని ఆ సగం మందిలో ముగ్గురి క్లాసుల్లో వెనక బెంచీలో మీరే కూర్చోండి. మీ కరస్పాండెంట్ గారిని కూడా తీసుకెళితే మరీ మంచిది. రెండు రోజుల శిక్షణ అన్నారు, అది సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ మీద జరిగి ఉంటుంది. అక్కడ నేర్చుకున్నది క్లాసులోకి వచ్చేసరికి గుర్తుండదు. ఒక డిపార్ట్‌మెంటును ఎంచుకుని, అక్కడ ఒక సెమిస్టర్ పాటు ఇబ్బందులన్నీ రాయించి, సరిచేయించి, ఆ డిపార్ట్‌మెంటు వాళ్ల చేతనే మిగతావాళ్లకు నేర్పించండి. పాత రిజిస్టర్ ఫలానా తేదీతో ముగుస్తుందని సర్క్యులర్‌లో తేదీ వేసి చెప్పండి. తేదీ వేయని సర్క్యులర్‌ను ఏ స్టాఫ్ రూమూ నమ్మదు.

ఇంకొక మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. కళాశాలలకు గ్రేడ్లిచ్చే న్యాక్ 2017లో సవరించిన విధానంలో ఆరో ప్రమాణం కింద పరిపాలన, ఆర్థిక వ్యవహారాలు, ప్రవేశాలు, పరీక్షలు వంటి రంగాల్లో ఈ-గవర్నెన్స్ ఉందా అని అడిగారు. ఆ గడి నింపడానికి, స్క్రీన్‌షాట్లు జతచేయడానికి సాఫ్ట్‌వేర్ కొన్న కళాశాలలు నాకు తెలుసు. మీరు కొన్నది కూడా అందుకోసమే అయితే మీ సిబ్బందికి ఆ సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. పైవాళ్లకే అక్కరలేని వస్తువును వాళ్లు మాత్రం ఎందుకు నెత్తికెత్తుకుంటారు? అలా కాదనుకుంటే, వాళ్లు వేసిన అంకెలతో మీరు ఏం చేశారో వాళ్లకు చూపించండి. వరసగా వారం రోజులు రాని విద్యార్థి ఇంటికి ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లిందని తెలిసిన మర్నాడు హాజరు వేసే తీరు మారుతుంది. కొనుగోలు ఒప్పందం కూడా ఒకసారి తీసి చదవండి. కంపెనీ మారితే మీ డేటా మొత్తం మామూలు ఫైళ్లుగా తిరిగి ఇస్తామన్న వాక్యం అందులో ఉందో లేదో చూడండి. ఉచితమనుకున్నవి కూడా ఎల్లకాలం ఉచితంగా ఉండవు. విద్యాసంస్థలకు హద్దు లేకుండా ఇచ్చిన స్టోరేజీని గూగుల్ 2022 జూలై నుంచి సంస్థకు మొత్తం 100 టెరాబైట్లకు కుదించింది. లాక్‌డౌన్‌లో రికార్డు చేసిన పాఠాలన్నీ అక్కడే పెట్టుకున్నవాళ్లు అప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కూర్చుని ఏరుకోవలసి వచ్చింది.

ప్రశ్న: అధ్యాపకుల కష్టాలు అందరూ రాస్తారు. స్కాలర్‌షిప్ పోర్టల్, ప్రవేశాల పోర్టల్, పరీక్ష ఫీజులు, అపార్ ఐడీలు (విద్యార్థుల గుర్తింపు సంఖ్యలు), సర్వేలు, ఇవన్నీ చేసేది ఆఫీసులో మేము ముగ్గురం. ఒక్క శిక్షణకూ మమ్మల్ని పిలవరు. కొత్త పోర్టల్ వచ్చిన సంగతి కూడా గడువు తేదీ వాట్సాప్‌లో వచ్చాకే మాకు తెలుస్తుంది.
— సీనియర్ అసిస్టెంట్, డిగ్రీ కళాశాల, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మాట అక్షరాలా నిజం. తెలంగాణలో దోస్త్ 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం 2020లో మొదలయ్యాక విద్యార్థులకు కళాశాలల చుట్టూ తిరిగే పని చాలావరకు తగ్గింది; ఆ తగ్గిన తిరుగుడంతా మీ కౌంటర్ దగ్గరికి వచ్చి చేరింది. మీరు రాసిన చిక్కుల్లో పేర్ల చిక్కు ఒక్కటే నేను దగ్గరగా చూశాను, దాని గురించి చెబుతాను. మన పిల్లలకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివరికి వెళుతుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరమవుతుంది. మనిషి ఒకడే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో మొదలై, ప్రతి విద్యార్థికీ ఒక ఐడీ ఉండాలన్నప్పటి నుంచి, పేరు సరిపోలేదన్న ఎర్ర అక్షరాల ముందు మీరు గడిపిన సాయంత్రాలెన్నో నేను ఊహించగలను.

దీనికి మందు మొదటి సంవత్సరం ప్రవేశాల వారంలోనే వేయాలి. అడ్మిషన్ ఫారం తీసుకునేటప్పుడే పదో తరగతి మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవారి జాబితాను ఆ రోజే వేరుగా రాసి, ఆధార్ సవరించుకుని రమ్మని నెల గడువు ఇవ్వండి. మూడో ఏడాది పరీక్షల ముందు పరుగులు పెట్టే కంటే ఇది తేలిక. ఇక శిక్షణ సంగతి: ప్రతి పోర్టల్‌కూ నోడల్ ఆఫీసరుగా ఒక అధ్యాపకుడి పేరు ఇచ్చి, పని మాత్రం మీచేత చేయించడం చాలా కళాశాలల్లో అలవాటు. ఆ ఉత్తర్వులో మీ పేరు కూడా ఉండాలని ప్రిన్సిపాల్ గారిని అడగండి. ఉత్తర్వులో పేరుంటే శిక్షణకు డ్యూటీ మీద పంపక తప్పదు, ఓటీపీ ఎవరి ఫోనుకు రావాలన్న గొడవా తీరుతుంది.

ప్రశ్న: నేను తెలుగు శాఖలో పనిచేస్తున్నాను. ఇరవై ఏళ్ల నోట్సు 'అను' ఫాంట్లలో ఉంది. ఎల్ఎంఎస్‌లో (పాఠాలు ఆన్‌లైన్‌లో ఉంచే వేదికలో) పెట్టమంటే పెట్టాను, విద్యార్థులకు పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయట. పీడీఎఫ్ చేసి పెడితే సరిపోతుందా, మొత్తం మళ్లీ కొట్టాలా?
— తెలుగు ఉపన్యాసకులు, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: ఆ పిచ్చి గుర్తులకు కారణం మీరు కాదు. అనులో మనం 'క' అని కొట్టినప్పుడు కంప్యూటర్ దాచుకునేది తెలుగు 'క'ను కాదు. ఇంగ్లిష్ అక్షరాలకో గుర్తులకో కేటాయించిన ఒక చోటును దాచుకుని, దాని మీద 'క' బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని ఫోనులో తొడుగు ఊడిపోతుంది, లోపలి గుర్తు బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి రూపం నుంచే సొంత చోటు ఉంది కనుక అక్కడ కొట్టిన తెలుగు ఎక్కడికి వెళ్లినా తెలుగుగానే ఉంటుంది.

పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక పద్యపాదాన్ని వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్లీ అవే గుర్తులు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, చూపులేని విద్యార్థి కోసం తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు యూనికోడ్‌ను చదవగలదు కానీ ఈ పీడీఎఫ్‌ను చదవలేదు. బీఏ తెలుగు తరగతిలో అలాంటి విద్యార్థి ఒక్కరున్నా ఆ నోట్సు వారికి లేనట్టే.

మొత్తం మళ్లీ కొట్టనక్కరలేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మార్చిన దాన్ని చదవకుండా పెట్టకండి. వత్తులు, అరసున్నలు, గణవిభజనలో గురులఘు గుర్తులు ముఖ్యంగా చూసుకోండి. ఒకేసారి ఇరవై ఏళ్ల నోట్సు ముందేసుకోకుండా ఈ సెమిస్టర్ పాఠాలతో మొదలుపెట్టండి. పద్యాల మూలపాఠాలు చాలావరకు తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్‌లోనే దొరుకుతాయి, వాటిని ముద్రిత ప్రతితో సరిచూసుకుని వాడుకోవచ్చు. కొత్తగా రాసేది మాత్రం ఇవాళ్టి నుంచే యూనికోడ్‌లో రాయండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేతికి రావడానికి రోజుకు అరగంట చొప్పున ఒక నెల పడుతుంది. అదీ ఓపిక లేదంటే ఫోనులో మాట్లాడి టైపు చేయించుకుని దిద్దుకోండి. మీ ప్రిన్సిపాల్ గారికి ఒక మాట చెప్పండి: తెలుగు శాఖకు ఈ మార్పిడి కోసం ఒక నెల పాటు టైపు తెలిసిన విద్యార్థిని గౌరవవేతనం మీద ఇస్తే, ఖర్చు ఒక ప్రొజెక్టర్ బల్బు ధర దాటదు.

ప్రశ్న: నేను గెస్ట్ లెక్చరర్‌ని, పీరియడ్‌కు ఇంత అని ఇస్తారు. నా పాఠాలు వీడియో తీసి యూట్యూబ్ చానెల్‌లో పెట్టమంటున్నారు. మరోవైపు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సులతో విద్యార్థులు క్రెడిట్లు తెచ్చుకోవచ్చంటున్నారు. వచ్చే ఏడాది నా వీడియోలూ, స్వయం కోర్సులూ ఉంటే నాతో పనేముంటుంది?
— రాజనీతిశాస్త్ర గెస్ట్ లెక్చరర్, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ భయాన్ని నేను కొట్టిపారేయను. సిబ్బంది కొత్త పద్ధతుల్లో మనసు పెట్టడం లేదని వాపోయే అధికారులు, ఆ పద్ధతి వల్ల ఎవరి పీరియడ్లు తగ్గుతాయన్నది ముందు తేల్చి చెప్పాలి. స్వయం 2017లో మొదలైంది. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం దాకా ఆన్‌లైన్ ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2016లో అన్న యూజీసీ, 2021లో దాన్ని 40 శాతం చేసింది. అది గరిష్ఠ పరిమితి. అంత మేరకు తప్పక తీసుకోవాలని ఎవరూ అనలేదు. ఆ కోర్సుల్లో చేరిన మన విద్యార్థులు మధ్యలో ఆగిపోకుండా చూడటానికి మనిషి కావాలి. ఇది కొత్త సంగతీ కాదు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు అచ్చు పాఠాలూ, రేడియో పాఠాలూ ఎంత చక్కగా ఉన్నా, అధ్యయన కేంద్రాల్లో సెలవు రోజున సందేహాలు తీర్చింది మన డిగ్రీ కళాశాలల లెక్చరర్లే. స్వయం కోర్సు తీసుకున్న విద్యార్థులకు మెంటరుగా మీ పేరు వేసి, ఆ గంటలను మీ పీరియడ్లలో లెక్కించమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. లెక్కించరంటే మీ భయం నిజమేనని తెలుస్తుంది, అది కూడా ముందే తెలియడం మంచిది.

వీడియోల గురించి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన రచన, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. గంటల లెక్కన వచ్చే అతిథి అధ్యాపకులు ఆ అర్థంలో ఉద్యోగులా కాదా అన్నది మీ నియామక పత్రం చూసి న్యాయవాది చెప్పవలసిన మాట. అయితే అదే చట్టంలో ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే చోట నటుడు, గాయకుడు, గారడీవాడు, పాములాడించేవాడు మొదలైనవారితో పాటు ఉపన్యాసం ఇచ్చే వ్యక్తి కూడా ఉన్నాడు. పాములవాడి పక్కన మనల్ని కూర్చోబెట్టారని నవ్వుకున్నా, ఆ వరసలో ఉన్నందువల్ల మీ ఉపన్యాసం మీద మీకు కొన్ని హక్కులున్నాయి. అందువల్ల కెమెరా ముందు నిలబడే ముందే మూడు సంగతులు కాగితం మీద పెట్టించుకోండి: వీడియో మీద మీ పేరు ఉంటుందని, అది ఈ కళాశాల విద్యార్థులకేనా అందరికీనా అన్నది, మీరు వెళ్లిపోయాక దాన్ని ఎంతకాలం వాడతారన్నది. ఇది అడిగినందుకు ఎవరైనా నొచ్చుకుంటే, మీరు అడగవలసిన అవసరం ఉందనే అర్థం.

ప్రశ్న: లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా ఆన్‌లైన్ ఎఫ్‌డీపీల (అధ్యాపకుల శిక్షణ కార్యక్రమాల) సర్టిఫికెట్లు నా దగ్గర ముప్పై నాలుగు ఉన్నాయి. క్లాసులో వాడింది ఒక్కటీ లేదు. తప్పు నాదా, ఎఫ్‌డీపీలదా?
— అసిస్టెంట్ ప్రొఫెసర్, విశాఖపట్నం

జవాబు: సగం సగం. వీడియో ఆపేసి, ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు కోసం చాట్‌లో ఎదురుచూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ముప్పై ఐదో సర్టిఫికెట్ మానేసి, ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో మీ సబ్జెక్టుకే చెందిన ఎనిమిది వారాల కోర్సు ఒకటి విద్యార్థిగా చేరి, అసైన్‌మెంట్లన్నీ చేసి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయండి. ఆన్‌లైన్ పాఠం వింటూ ఎక్కడ నిద్ర వస్తుందో, ఎక్కడ వెనక్కి తిప్పి వినాలనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. మీ పిల్లలకు మీరు పెట్టే వీడియో నలభై నిమిషాల నుంచి పన్నెండు నిమిషాలకు దానంతట అదే దిగుతుంది.

ప్రశ్న: అయ్యా, నేను రికార్డ్ అసిస్టెంట్‌ని, ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ముఖం చూపించి ఫోనులో హాజరు వేయాలంటున్నారు. నా ఫోనులో ఆ యాప్ ఎక్కదు, ఎక్కినా ఫొటో తీసుకోదు. కొత్త ఫోను కొనుక్కోమంటున్నారు. మా అబ్బాయి ఫోను అడిగితే వాడు కాలేజీకి తీసుకుపోతాడు. ఏం చేయమంటారు?
— ఖమ్మం జిల్లా

జవాబు: అప్పుచేసి ఫోను కొనకండి. మీ ఫోను ఏ కంపెనీదో, ఏ సంవత్సరం కొన్నదో, యాప్ తెరిస్తే తెర మీద ఏమని వస్తుందో మీ అబ్బాయి చేత ఒక కాగితం మీద రాయించి, దాని కింద మీరు సంతకం చేసి, ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఆఫీసు గుమ్మం దగ్గర అందరికీ కలిపి ఒక ట్యాబ్ పెట్టమని అందులోనే అడగండి. ఇలాంటి ఫోనున్నవారు మీ కళాశాలలో మీరొక్కరే అయి ఉండరు, స్వీపర్లనూ వాచ్‌మన్‌నూ కూడా అడిగి చూడండి, వాళ్ల సంతకాలు కూడా ఉంటే ఆ కాగితానికి బరువు పెరుగుతుంది. ట్యాబ్ వచ్చేదాకా రోజూ వచ్చిన వేళ, వెళ్లిన వేళ మస్టర్‌లో రాసి సంతకం చేయడం మాత్రం ఆపకండి. నల్లగొండ మేడమ్ గారికి రిజిస్టర్ ఆపించమని చెప్పిన నేనే మీకు ఇలా చెప్పడం విడ్డూరంగా ఉండవచ్చు. ఆమె హాజరు యాప్‌లో పడుతోంది, మీది ఇంకా పడటం లేదు.